పరుగెత్తే కుక్కకు పడక విశ్రాంతి

మనిషికి కాలు విరిగితే మంచం మీద పడుకోబెట్టి ఆరు వారాలు కదలవద్దని చెప్పవచ్చు. సణుగుతాడు గాని అర్థం చేసుకుంటాడు. కుక్కకు ఆ మాట ఎలా చెప్పాలి? నాలుగు రోజులకు నొప్పి కొంత తగ్గితే చాలు, తాను బాగైపోయానని దాని లెక్క. లోపల ఎముక మాత్రం ఇంకా అతికి ఉండదు. ఆ మధ్య వారాలను గట్టెక్కించడం ఇంటివారి వంతు.

సుబేదారిలో మా ఇంట టామీ అనే రెండేళ్ళ కుక్క ఉన్నది. జాతి కుక్క కాదు, వీధిలో పుట్టినదే. తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ వైపు ఒక చుట్టు పరుగెత్తి వస్తే గాని దానికి ముద్ద దిగదు. అయిదు వారాల క్రితం పిల్లి వెంటబడి ప్రహరీ గోడ దూకి, వెనుక కాలు మోకాలి కింద విరుగగొట్టుకున్నది. పశువైద్యులు ఎక్స్‌రే తీసి పిండికట్టు వేశారు. ఆరు నుండి ఎనిమిది వారాలు గంతులు, మెట్లు, పరుగు పనికిరావన్నారు. తొందరపడి దూకితే ఎముక వంకరగా అతుకుతుందనీ, లేక అసలే అతకక జీవితాంతం కుంటవలసి వస్తుందనీ హెచ్చరించారు.

తెలిసినవారొకరు వచ్చి, "అయ్యగారూ, వీధి కుక్కకు ఇంత ఖర్చెందుకు? గోనెసంచిలో వేసి రైలు పట్టాల అవతల వదిలిరండి" అన్నారు. మా చిన్నమ్మాయి ఆ మాట విని మూడు రోజులు బడికి పోనన్నది, తాను లేనప్పుడు ఎవరైనా తీసుకుపోతారేమోనని. పెంచుకున్న జంతువును ఆకలిదప్పులకు వదిలిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమని ఆ పెద్దమనిషికి నెమ్మదిగానే చెప్పాము.

మొదట చోటు సంగతి. ఇంటి వెనుక గదిలో వేసి తలుపు మూస్తే కుక్క రోజంతా తలుపు గీకుతుంది. గీకడానికి లేచి నిలబడుతుంది, విశ్రాంతి కాస్తా పోతుంది. అందుకని మనుషులు మసిలే చోటే కట్టడి చేయాలి. మేము హాలు మూలన, కుట్టు మిషను పక్కన, రెండు పాత బెంచీలు అడ్డం పెట్టి చిన్న దొడ్డి కట్టాము. పడుకొని ఇటు నుండి అటు తిరగడానికి సరిపోవాలి, అంతకు మించి అక్కరలేదు. నున్నని బండల మీద మూడు కాళ్ళ కుక్క జారుతుంది గనుక కింద గోనెపట్టాలు పరిచాము. బయటికి తీసుకుపోయేది కాలకృత్యాలకే, అదీ గొలుసుతోనే. వాన తడి ఉంటే కట్టుకు ప్లాస్టిక్ సంచి తొడిగి, లోపలికి రాగానే తీసివేయాలి. తడిసిన కట్టు కింద చర్మం పాసిపోతుంది.

ఇక అసలు విషయం. శరీరాన్ని అలసిపోనివ్వకూడదు, బుర్రను మాత్రం అలసిపోనివ్వాలి. కుక్క ముక్కులో వాసన పట్టే కణాలు ఇరవై కోట్లకు పైగా ఉంటాయంటారు. మనకున్నవి అరవై లక్షల లోపే. ఆ ముక్కుకు పది నిమిషాలు పని పెడితే కుక్క ఒక మైలు నడిచినట్లు సోలిపోయి నిద్రపోతుంది. కనుక గిన్నెలో అన్నం పెట్టడం మానివేశాము. జొన్నరొట్టె ముక్కలను పాత తువాలులో చుట్టి, వదులుగా ఒక ముడి వేసి ముందర పెడతాము. మరోపూట అట్టపెట్టెలో నలిపిన వార్తాపత్రికల మధ్య దాస్తాము. కాగితాలు మింగకుండా ఒకరు దగ్గర కూర్చోవాలి. మూడు స్టీలు గ్లాసులు బోర్లించి ఒకదాని కింద ఉడికిన కోడిమాంసం ముక్క పెట్టడం మా అమ్మాయి కనిపెట్టిన ఆట. వేసవి పగళ్ళలో ఉప్పు లేని పలుచని మజ్జిగను గిన్నెలో గడ్డకట్టించి ఇస్తే అరగంట నాకుతూ పడి ఉంటుంది. ఉడికిన ఎముకలు, ఉల్లిగడ్డ, ద్రాక్ష, చాక్లెట్ మాత్రం వద్దు. పరుగు లేదు గనుక మొత్తం తిండి కూడా తగ్గించాలి. బరువు పెరిగితే ఆ భారం విరిగిన కాలి మీదే పడుతుంది.

బయటికి పోలేని కుక్కకు బయటి లోకాన్ని మనమే మోసుకురావచ్చు. భద్రకాళి చెరువు కట్ట మీది ఎండుటాకు, పాలవాళ్ళ ఇంటి నుండి దూడ పలుపుతాడు ముక్క, ఇలా రోజుకొకటి తెచ్చి ముందర పెడతాము. పలుపుతాడును టామీ ఎంతసేపు చదివిందో! మనం ఆదివారం పత్రికను కూడా అంత శ్రద్ధగా చదవము.

మాటలు నేర్పడం మరొక పని. అమెరికాలోని దక్షిణ కెరొలినాలో జాన్ పిల్లే అనే విశ్రాంత మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు, తన చేజర్ అనే కుక్కకు వెయ్యికి పైగా బొమ్మల పేర్లు నేర్పాడు. ఆ పరిశోధన 2011లో అచ్చయింది. చేజర్ 2019లో చనిపోయింది. టామీకి ఈ అయిదు వారాలలో వచ్చినవి మూడు మాటలే: గరిటె, బంతి, చెప్పు. అందులోనూ చెప్పుకు, బంతికి ఇంకా తగాదా ఉన్నది. పడుకున్న చోటు నుండే ముక్కుతో తాకి చూపితే చాలు, లేవనక్కరలేదు. బంతి విసరడం, గుడ్డ పట్టి లాగులాడడం ఈ రోజుల్లో ఎంతమాత్రం కూడదు.

అన్నిటికన్నా కష్టమైనది వచ్చిపోయేవారి సంగతి. మా ఇంటికి పొద్దున్నుండి రాత్రి వరకు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. గేటు చప్పుడైతే చాలు, అది మూడు కాళ్ళ మీద లేచి నిలబడుతుంది. వారు "అయ్యో టామీ!" అంటూ వంగగానే ఎగురుతుంది. ప్రేమతోనే అంటారు, కాని చెడుపు అక్కడే. ఇప్పుడు గేటుకు కాగితం అంటించాము: "దయచేసి కుక్కను పలకరించవద్దు." పడుకొని ఉన్నప్పుడే ఎవరైనా తల నిమరవచ్చు, లేస్తే ముఖం తిప్పుకోవాలి. రెండు వారాలకు అది గ్రహించింది. కొందరు సంఘ పెద్దలు ఇంకా గ్రహించలేదు.

రాత్రి మూలుగును విసుగు అని తీసిపారవేయకండి. తువాలు ముడి ఇవ్వగానే ఊరుకుంటే విసుగే. తిండి ముట్టకపోయినా, కట్టు కింది వేళ్ళు వాచినా, చల్లబడినా, దుర్వాసన వచ్చినా ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. మన ఇంటి మాత్రలు వేయకూడదు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కుక్కకు ప్రాణం మీదికి తెస్తాయి. డైక్లోఫినాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు చస్తున్నాయని 2006లో మన దేశంలో పశువులకు ఆ మందునే నిషేధించారు. లాజరు పుండ్లను కుక్కలు నాకిన సంగతి లూకా సువార్తలో ఉన్నది గనుక కుక్క నాలుకే మందు అని మన పెద్దలు అంటుంటారు. అక్కడ చెప్పినది లాజరు దీనస్థితిని గూర్చే, వైద్యాన్ని గూర్చి కాదు. కుక్క తన గాయాన్ని తానే నాకితే కుట్లు ఊడుతాయి, చీము పడుతుంది. మెడకు గరాటు వంటి పట్టీ కట్టించడమే మేలు.

వచ్చే గురువారం మళ్ళీ ఎక్స్‌రే. కట్టు విప్పినా వెంటనే పరుగు లేదు. వాడక కండ సన్నబడి ఉంటుంది గనుక మొదట గొలుసుతో అయిదేసి నిమిషాల నడక, ఆపైన వైద్యులు చెప్పిన కొద్దీ పెంచాలి. ప్రహరీ గోడ మీద ఇంకొక వరుస ఇటుకలు పెట్టడానికి మేస్త్రీకి కబురు పంపాము. పిల్లి రోజూ అదే గోడ మీద కూర్చుంటోంది.