తుపాకి మూతికి తొడుగు - ఎవరికి మేలు, ఎవరికి చేటు?

చెన్నైలోని సైనిక నియామక మండల పరిధిలోకి తమిళనాడుతోపాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా వస్తాయి. అక్కడి ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ 1963లో ఏర్పడింది. 1992 నుంచి యువతులకు కూడా శిక్షణ ఇస్తోంది. సైన్యంలో చేరగోరే సరిహద్దు గ్రామాల బిడ్డలకు ఆ నగరం తొలి వాకిలి వంటిది. ఆ బిడ్డల చేతికి అందే తుపాకి ఇప్పుడు మారుతోంది.

1990లలో వచ్చిన ఇన్సాస్ రైఫిల్ తూటా వ్యాసం 5.56 మిల్లీమీటర్లు, బరువు సుమారు 4 గ్రాములు. 2019లో అమెరికా నుంచి 72,400 సిగ్ రైఫిళ్లకు, 2021 డిసెంబరులో అమేథీ వద్ద కోర్వాలో తయారయ్యే 6 లక్షలకు పైగా ఏకే-203 రైఫిళ్లకు ఒప్పందాలు కుదిరాయి. ఈ రెండింటి తూటాల వ్యాసం 7.62 మిల్లీమీటర్లు, బరువు 8 నుంచి 10 గ్రాములు. తూటా బరువెక్కిన కొద్దీ తుపాకి భుజాన్ని తన్నే బలమూ పెరుగుతుంది.

ఈ తాకిడిని, మూతి వద్ద మెరుపును తగ్గించేందుకు గొట్టం చివర ఉక్కు తొడుగు బిగిస్తారు. ఇవి ప్రధానంగా మూడు రకాలు. ఫ్లాష్ హైడర్ వేడి వాయువులను చెదరగొట్టి మంటను తగ్గిస్తుంది. చీకటిలో జవాను కళ్లు చెదరకుండా కాపాడుతుంది. కాంపెన్సేటర్ వాయువును పైకి మళ్లించి, గొట్టం పైకి లేవకుండా అణచుతుంది. మజిల్ బ్రేక్ వాయువును పక్కలకు, వెనుకకు మళ్లించి భుజంపై దెబ్బను తగ్గిస్తుంది.

అయితే ఏ మేలూ ఉచితంగా లభించదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యం అడవి పోరుకై ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టాన్ని కురుచ చేసింది. దానితో మెరుపు పెరగగా, మూతికి గరాటు వంటి తొడుగు తగిలించవలసి వచ్చింది. అది మెరుపును తగ్గించిందే కాని, తేలికైన ఆ తుపాకి తన్నును తగ్గించలేదు. మజిల్ బ్రేక్ తన్నును తగ్గిస్తుంది కాని, పేలుడు ధ్వనిని కాల్చినవాని చెవికి, పక్కనున్న సహచరుని చెవికి చేరుస్తుంది. పదాతిదళ రైఫిళ్లకు అనేక సైన్యాలు ఫ్లాష్ హైడర్‌నే ఎంచుకోవడానికి ఇది ఒక కారణం.

అసలు సమస్య ఇక్కడే ఉన్నది. తొడుగు ఏదైనా రైఫిల్ పేలుడు 150 డెసిబెళ్లు దాటుతుంది. 140 దాటిన ఒక్క పేలుడైనా చెవికి హాని చేయగలదు. లోపలి చెవిలోని సున్నిత కణాలు నశిస్తే తిరిగి మొలవవు. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం నాలుగేళ్ల తరువాత 25 శాతం వరకే సైన్యంలో కొనసాగుతారు. మిగిలినవారు మరో కొలువు వెదుక్కోవలసినదే. పోలీసు శాఖలోనైనా, రైల్వేలోనైనా వైద్య పరీక్ష తప్పదు. వినికిడి తగ్గిన యువకునికి ఆ తలుపు మూసుకుపోయే ప్రమాదమున్నది.

కనుక తుపాకి ఎంపికలో తూటా ఎంత దూరం పోతుందన్నదే కాక, ధ్వని ఎవరి చెవిని తాకుతుందన్నదీ కొలవాలి. శిక్షణలో ప్రతి కాల్పుకు ముందు చెవి బిరడాలు తప్పనిసరి చేయాలి. చేరేనాడు, విడిచేనాడు వినికిడి పరీక్ష నమోదు కావాలి. సెలవుపై వచ్చిన బిడ్డ టీవీ శబ్దం పెంచుతున్నా, చెవిలో హోరు అంటున్నా ఇంటివారు తేలికగా తీసుకోరాదు. భుజం నొప్పి నాలుగు రోజులలో తగ్గుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు.