కోళ్ళగూడూ, బాంబరూ

"కోళ్ళగూడును పట్టుకొచ్చి మళ్ళీ బాంబరు చేశారటగదా, మాస్టారూ! దీనికి మనం చప్పట్లు కొట్టాలా?" అని మా విద్యార్థి ఒకడు నలుగురిలో నన్నడిగాడు. చుట్టూ వున్నవాళ్ళు పక్కున నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళి ఆలోచించుకున్నాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. నవ్వి వూరుకోవలసిన ప్రశ్న కాదది. అందుకే ఈ వ్యాసం.

ముందు విషయం చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిషు వైమానిక దళం వాడిన నాలుగింజన్ల బాంబర్లలో హాలిఫాక్స్ ఒకటి. మొత్తం 6,176 తయారైనాయి. యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్ళకే వాటిని దాదాపు పూర్తిగా తుక్కు చేసి కరిగించేశారు. వాటిలో ఒకదానికి సిబ్బంది "13వ తేదీ శుక్రవారం" అని పేరు పెట్టారు. అపశకునాన్ని ఎదిరించి నిలిచినట్టు అది 128 దాడులు చేసి తిరిగి వచ్చింది. దాన్ని 1945లో లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలో జనానికి చూపించి, తరవాత ముక్కలు చేశారు. దాడుల లెక్క గీసిన ముక్కుభాగపు రేకును మాత్రం దాచుకున్నారు. యంత్రం పోయింది, పద్దు మిగిలింది!

1980లలో యార్క్ నగరం దగ్గర ఎల్వింగ్టన్ పాత విమానాశ్రయంలో కొందరు స్వచ్ఛంద సేవకులు ఒక హాలిఫాక్స్‌ను మళ్ళీ నిలబెడదామని పూనుకున్నారు. స్కాట్లండుకు పడమట లూయిస్ దీవిలో, 1945లో దెబ్బతిని దిగిన ఒక హాలిఫాక్స్ తోకవైపు ఒళ్ళు, ఓ చిన్నరైతు దొడ్లో కోళ్ళగూడుగా పడివుంది. దాన్ని తెచ్చారు. హాలిఫాక్స్ రెక్క ఎక్కడా దొరకలేదు. అదే నమూనా రెక్కలున్న హేస్టింగ్స్ రవాణావిమానం నుంచి రెక్కలు తీసుకున్నారు. ఇంజన్లు ఫ్రెంచి వైమానిక దళం నుంచి వచ్చాయి. దొరకని భాగాలు చేతులతో తయారు చేసుకున్నారు. ఏళ్ళ తరబడి పనిచేసి 1996 సెప్టెంబరు 13న, శుక్రవారంనాడే, దాన్ని బయటికి లాగి జనానికి చూపించారు. ఒకవైపు ఆ పాత విమానం గుర్తులూ, రెండోవైపు యుద్ధకాలంలో ఎల్వింగ్టన్‌నుంచే ఎగిరిన ఫ్రెంచి స్క్వాడ్రన్ గుర్తులూ వేశారు.

ఇందులో మనం మెచ్చుకోవలసిందేమిటి, ఒప్పుకోరానిదేమిటి? ఈ ప్రశ్నకు రెండు తేలిక జవాబులున్నాయి. రెండూ తప్పే.

మొదటిది పెద్దమనుషుల జవాబు. "ఇది చనిపోయినవారి స్మారకం. ఇందులో రాజకీయాలు తీసుకురాకండి" అంటారు. రాజకీయాలు మనం తీసుకొచ్చామా? బాంబు వెయ్యాలని నిర్ణయించినవాళ్ళే తీసుకొచ్చారు. 1942 ఫిబ్రవరి 14న బాంబర్ కమాండుకు వచ్చిన ఉత్తర్వులో లక్ష్యం స్పష్టంగా వుంది. శత్రుదేశపు పౌరుల, ముఖ్యంగా పారిశ్రామిక కార్మికుల, మనోధైర్యం దెబ్బతీయడమే ఆ లక్ష్యం. కొద్ది వారాలకే ప్రధానమంత్రి సలహాదారు చెర్వెల్ ప్రభువు, ఇళ్ళు కూల్చి జర్మన్ జనాన్ని నిలువనీడ లేకుండా చేస్తే యుద్ధం తేలిపోతుందని లెక్కలు కట్టి చూపించాడు. ఎవరి ఇళ్ళు? తోటల మధ్య దూరదూరంగా వుండే ధనికుల మేడలు కావు. గోడకు గోడ ఆనుకుని వుండే కార్మికవాడలే తేలిగ్గా అంటుకుంటాయి. 1943 జులై ఆఖరున హాంబర్గులో జరిగింది అదే. హాలిఫాక్సులు కూడా పాల్గొన్న ఆ వారంరోజుల దాడుల్లో 30,000 మందికి పైగా చనిపోయారు. హిట్లరు అధికారానికి రాకముందు కమ్యూనిస్టులకూ సోషలిస్టులకూ వోట్లు వేసిన రేవుకార్మికుల వాడలు ఆ మంటల్లో బూడిదైనాయి.

ఈ మాట ఇప్పుడు తీరిగ్గా కూర్చుని మనం అంటున్నది కాదు. ఆనాడే అన్నవాళ్ళున్నారు. వామపక్ష శాస్త్రజ్ఞుడు బ్లాకెట్, తరవాత మన దేశానికి రక్షణ విషయాల్లో సలహాదారుగా వచ్చినవాడు, చెర్వెల్ లెక్కలు ఎన్నో రెట్లు ఎక్కువ చేసి కట్టినవని అప్పుడే వాదించాడు. ఆయన మాట చెల్లలేదు. ఆ దాడులు నడిపిన సేనాధిపతి హారిస్ 1920లలో ఇరాకులో స్క్వాడ్రన్ నాయకుడుగా పనిచేసినవాడు. ఎదిరించిన పల్లెలమీద బాంబులు వేసి సామ్రాజ్యాన్ని చౌకగా ఏలవచ్చునన్న విద్య అక్కడ అభ్యాసం చేసిందే. హాంబర్గు ఆకాశంలోనుంచి వూడిపడలేదు. వలసల్లో సాధన చేసిన పాఠాన్ని పెద్ద యంత్రాలతో యూరప్‌లో అప్పజెప్పారు. ఇదంతా దాచిపెట్టి, మెరిసే నల్లరంగు పూసి, "చూడండి, ఎంత అందమైన యంత్రమో!" అంటే అది స్మారకం కాదు, మరుపుకు కట్టిన మంటపం.

రెండో జవాబు మనవాళ్ళది, మా విద్యార్థిది. "హంతక యంత్రం పోతే పోయింది. దానికి కోళ్ళగూడు కావడమే మోక్షం" అని వాదం. వినడానికి బాగుంది. లూయిస్ దీవి రైతు ఏ శాంతి మహాసభకూ వెళ్ళకుండానే బాంబరును కోళ్ళకు ఇల్లు చేశాడంటే నాకూ ముచ్చటగానే వుంది. కాని ఈ వాదంలో సగం సత్యం వుంటే సగం సోమరితనం వుంది.

ఆ యుద్ధం ఫాసిజంమీద జరిగిన యుద్ధం. ఆ యంత్రంలో కూర్చున్నవాళ్ళు చెర్వెల్ ప్రభువులు కారు. బాంబర్ కమాండులో పనిచేసిన సుమారు 1,25,000 మంది విమాన సిబ్బందిలో 55,573 మంది చనిపోయారు. వాళ్ళు గుమాస్తాల, పనివాళ్ళ, బడిపంతుళ్ళ పిల్లలు, వలసరాజ్యాలనుంచి వచ్చినవాళ్ళు, దేశాన్ని నాజీలకు పోగొట్టుకుని వచ్చిన ఫ్రెంచివాళ్ళు. ఇదే హాలిఫాక్స్ నార్వే దేశభక్తులకు చీకట్లో ఆయుధాలు జారవిడిచింది. 1945 ఏప్రిల్‌లో అటువంటి పనిమీద వెళ్ళి తిరిగివస్తూ కూలిన విమానాన్ని 1995లో మ్యోసా సరస్సు అడుగునుంచి పైకి తీశారు. కెనడాలోని ట్రెంటన్‌లో స్వచ్ఛంద సేవకులు పదేళ్ళు శ్రమించి 2005 నాటికి దాన్ని బాగుచేశారు. ఒకే యంత్రం కార్మికవాడను కాల్చింది, ప్రతిఘటన వీరుడికి తుపాకీ అందించింది. ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోవడం మన పని. నవ్వి తప్పించుకోవడం మన పని కాదు.

ఇక తయారీ సంగతి. హాలిఫాక్సులు ఒక్క హాండ్లీ పేజ్ కంపెనీలోనే తయారుకాలేదు. లండన్ బస్సుల కార్ఖానాల్లో కూడా తయారైనాయి. జన్మలో విమానం ఎక్కని ఆడవాళ్ళు వేలకొద్దీ వచ్చి రివెట్లు కొట్టారు. 1940లో విమానాలకు సత్తు కావాలని ప్రభుత్వం అడిగితే గృహిణులు వంటింటి గిన్నెలు తెచ్చి వీధిలో కుప్ప పోశారు. ఈ శ్రమ ఎక్కడ నమోదైంది? పైలట్ పేరు రాతిమీద వుంది. సేనాధిపతికి 1992లో లండన్‌లో విగ్రహమే లేచింది. రివెట్టు కొట్టిన చెయ్యి రివెట్టులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ రివెట్టు వరసను వేలితో తడిమి, ఇది ఎలా కొట్టారో తెలుసుకుని, మళ్ళీ అలాగే కొట్టినవాడు చరిత్రకారుడు చెయ్యని పని చేశాడని నేనంటాను. లాభానికి కాదు, కూలికి కాదు. సెలవు రోజుల్లో వచ్చి, తమ యిష్టం కొద్దీ, పదిమందీ కలిసి చేశారు. సమష్టి శ్రమ గురించి ఉపన్యాసాలిచ్చే మనం అది కళ్ళెదుట కనపడితే వెక్కిరిస్తామా?

"ఇదంతా ఇంగ్లండు గొడవ, మనకెందుకు?" అనేవారికి రెండు మాటలు.

1918లో బ్రిటిషు వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు మొదటి విమానాలు బహుమానంగా ఇచ్చింది నిజాం నవాబు. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. ఆ విమానాలమీద నిజాం కానుక అని రాసి మరీ జర్మనీమీద బాంబులు వేయించారు. నవాబు ఖజానా ఎక్కడినుంచి నిండింది? తెలంగాణ రైతు శిస్తునుంచి, దేశ్‌ముఖుల గడీల ముందు వెట్టి చేసిన చేతులనుంచి. తన గింజలు రెక్కలు కట్టుకుని రైన్ నదిమీద ఎగిరాయని ఆ రైతుకు ఎవరూ చెప్పలేదు. తరవాత 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంమీదా కాకినాడమీదా బాంబులు వేసినప్పుడు, బాంబరు కింద నిలబడడం ఏమిటో మనవాళ్ళకూ తెలిసింది. పైన కానుక మనదే, కింద భయమూ మనదే. ఇక ఈ చరిత్ర మనది కాదని ఎలా అంటాం?

రెండో మాట ఇంకా దగ్గరిది. యుద్ధం ముగియగానే లెండ్ లీజు షరతుల ప్రకారం వాడరాదని, కాన్పూరులో డజన్లకొద్దీ అమెరికన్ లిబరేటర్ బాంబర్లను బ్రిటిషువారు కావాలని పాడుచేసి వదిలి వెళ్ళారు. 1948లో బెంగుళూరు హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్మికులు ఆ తుక్కులోనుంచే ఒకదాని భాగం మరొకదానికి తగిలించి, కాన్పూరునుంచి ఎగరగల స్థితికి తెచ్చి, బెంగుళూరులో బాగుచేశారు. అట్లా నలభైకి పైగా లిబరేటర్లు లేచాయి. మన వైమానిక దళం వాటిని 1968 దాకా నడిపింది. ఆ తరవాత వాటిలో కొన్ని ఇంగ్లండు, అమెరికా, కెనడా మ్యూజియాలకు చేరాయి. అక్కడి జనం ముగ్ధులై చూసిన ఆ లిబరేటర్లు మన కార్మికుల చేతుల్లో రెండో ప్రాణం పోసుకున్నవి! కాన్పూరునుంచి వాటిని నడిపి తెచ్చిన టెస్టు పైలట్ జంషెడ్ మున్షీ పేరు నేను చదివిన వృత్తాంతాల్లో వుంది. ఒక్క ఫిట్టరు పేరు కూడా నాకు కనపడలేదు. ఎల్వింగ్టన్‌వాళ్ళు కోళ్ళగూడునైనా వెతికి పట్టుకున్నారు. మనం మన మనుషులనే పోగొట్టుకున్నాం. ఎవరిని చూసి ఎవరు నవ్వాలి?

నా వాదం పాత బాంబర్లన్నిటికీ రంగులు పూసి మొక్కమని కాదు. నిలబెట్టినవాళ్ళు పూర్తిగా నిలబెట్టాలి. రెక్క, తోక, ఇంజను అమర్చినంత శ్రద్ధగా దాని కిందపడి కాలిపోయిన వీధినీ, దాన్ని తయారుచేసిన కార్ఖానానూ, దానికి డబ్బు కక్కిన వలసరాజ్యాన్నీ అమర్చాలి. అప్పటిదాకా అది సగం విమానమే. సత్తు రేకులు ఎన్ని దొరికినా ఆ లోటు తీరదు.

ఆ విద్యార్థిని మర్నాడు పిలిచి చెప్పాను: "నీ ప్రశ్న మంచిదే, నవ్వు తొందరపాటు. ఆ రైతు బాంబరును కోళ్ళగూడు చేశాడు. అది గొప్ప సంగతే. కాని కోళ్ళగూడుగా వుండిపోతే అది ఒకప్పుడు బాంబరని ఎవరికి గుర్తుంటుంది? మరిచిపోయిన బాంబరును మళ్ళీ తయారుచేయడం మిగిలినవాళ్ళకు చాలా తేలిక." వాడు కాసేపు వూరుకుని, "అయితే ఆ బెంగుళూరు ఫిట్టర్లను ఎవరు వెతకాలి, మాస్టారూ?" అన్నాడు.

ఆ ప్రశ్ననే మీముందు పెడుతున్నాను. ఆ కార్మికులు చాలామంది పోయివుంటారు. వాళ్ళ పిల్లలున్నారు, పాత యూనియన్ రికార్డులున్నాయి, ఫోటోలు ఎవరి పెట్టెల్లోనో వున్నాయి. సెలవులు మనకూ వున్నాయి.