చేపకు మేత కంటె గాలి ముందు

కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో ముసురు రోజులలో తెల్లవారుజామున చెరువుగట్ల వెంట నడచినవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి గాలికై ఆరాటపడుచుండును. రైతు జబ్బు తగిలినదనుకొని మందుల దుకాణమునకు మనిషిని పంపును. మందు చల్లుసరికి ప్రొద్దెక్కును, చేపలు క్రిందికి దిగును. మందు పనిచేసినదని అందరును సంతోషింతురు. నిజమునకు పనిచేసినది సూర్యుడు!

గాలిలో అయిదవ వంతు ప్రాణవాయువే. నీటి సంగతి వేరు. 20 డిగ్రీల వేడిగల నీరు గాలినుండి తీసుకొని లీటరుకు 9 మిల్లీగ్రాముల వరకు నిలుపుకొనగలదు. 30 డిగ్రీలలో 7.5 మిల్లీగ్రాములే. అనగా వేసవిలో చేప ఆకలి పెరిగి గాలి ఎక్కువ కావలసిన వేళకే నీటి శక్తి తగ్గుచున్నదన్న మాట. బొచ్చె, శీలావతి వంటి చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాములున్న సుఖము. 3కు దిగిన మేత తగ్గించును. 1కి దిగిన చావులు మొదలగును.

చెరువునకు పగలు ప్రాణవాయువు నిచ్చునది ముఖ్యముగా పచ్చనీటిలోని సన్నని నాచు. పగలు దాతగానున్న ఆ నాచే రాత్రి తానును ఊపిరి పీల్చుచు, ఇచ్చినదంతయు అప్పులవాని వలె తిరిగి వసూలు చేయును. చేపలు, అడుగున కుళ్లు మేత, పెంట కూడ అదే ఖాతా నుండి వాడుకొనును. అందువలన సూర్యోదయమునకు కొంచెము ముందు నిలువ అట్టడుగునకు చేరును. పగలు మబ్బు పట్టిన ఆదాయము తక్కువ, రాత్రి ఖర్చు మాత్రము తగ్గదు. గాలి ఆడని ఎండరోజున వేడెక్కిన పై నీరు తేలికయై దుప్పటివలె పరచుకొనును, అడుగు నీటికి ప్రాణవాయువు అందదు. సాయంకాలము ఈదురుగాలితో వాన పడగానే ఆ చెడ్డ నీరు పైకి వచ్చి మొత్తము కలియును. రాత్రికి రాత్రి చెరువు తుడిచిపెట్టుకుపోవుటకు ఇది ఒక కారణము.

పట్టణములలో పెద్ద గాజుతొట్టెలలో చేపలు పెంచువారు బుడగలను చూచి మురియుదురు. కాని బుడగ పైకి చేరు ఆ రెండు క్షణములలో నీటిలో కరగునది స్వల్పమే. అది అడుగు నీటిని పైకి లాగి, పై పొరను కదిలించి, గాలికి చూపుటయే అసలు మేలు. చెరువులో తిరుగు చక్రపు ఏరేటరు చేయునదియు ఇదే. కనుక దానిని గట్టున ఒక మూల నురుగు కొరకు త్రిప్పుట దండుగ. నీరు చెరువంతయు చుట్టి వచ్చునట్లు, అడుగు బురద రేగకుండునట్లు అమర్చవలెను.

ప్రాణవాయువు గుళికలపై మన రైతులకు గల నమ్మకమును గూర్చి ఒక లెక్క చెప్పక తప్పదు. ఎకరము చెరువులో 5 అడుగుల నీరున్న సుమారు 60 లక్షల లీటర్లు. అందులో లీటరుకు 1 మిల్లీగ్రాము పెంచుటకు 6 కిలోల ప్రాణవాయువు కావలెను. ఎంత శుద్ధమైన గుళికలోనైనను అది ఆరవ వంతుకు మించదు. అనగా ఆ ఒక్క మిల్లీగ్రామునకే 36 కిలోలకు పైగా చల్లవలెను. డబ్బాలతో ఒకటి రెండు కిలోలు చల్లి నిద్రపోవుట తనను తాను మోసగించుకొనుటయే. ఆపత్సమయములో చేపలు గుమిగూడిన చోట కొంత ఊరట కలుగవచ్చును, అంతకు మించి ఆశింపరాదు. బోరు నీరు పెట్టువారును ఒకటి గుర్తుంచుకొనవలెను: భూగర్భజలములో ప్రాణవాయువు చాల తక్కువ. ఎత్తునుండి పలకలపై చిందునట్లు పడనిచ్చిననే మేలు.

తాళ్లకు కట్టిన చిల్లుల సంచులలో తవుడు, చెక్క నింపుటకు బస్తాల లెక్క చూడని రైతు, ఏరేటరు కరెంటు ఖర్చుకు వెనుదీయుట నాకు వింతగా తోచును. ముసురు పట్టిన రోజున సంచులు ఎత్తివేయుటకు పైసా ఖర్చు లేదు, తినని మేత కుళ్లదు గూడ. అయినను ఎదుగుదల ఆగునను భయముతో దానిని చేయువారు అరుదు. ఒక్కరోజు పస్తుకు చేప చావదు, ఒక్క గంట ఊపిరి ఆగిన చచ్చును.

ఏరేటరు పగలంతయు తిరిగి రాత్రి ఆగుచున్న చోట ఖర్చంతయు తలక్రిందులైనదే. ఎండవేళ పై, అడుగు నీళ్లు కలియుటకు ఒకటి రెండు గంటలు చాలును. అర్ధరాత్రి నుండి ప్రొద్దెక్కువరకు మాత్రము ఆగరాదు. గ్రామ మత్స్య సహాయకులు, పంచాయతీ కార్యదర్శులు విద్యుత్ సిబ్బందితో మాట్లాడి, చెరువులు గల ఊళ్లలో ఆ గంటలలో కోత లేకుండ చూడవలెనని నా మనవి. కోత తప్పనిచోట ముందు రోజు సాయంకాలమే కబురు చేసిన రైతు డీజిలు ఇంజను సిద్ధము చేసికొనును. వేకువ 4 గంటలకు తెలిసిన కబురుతో చేయగలిగినది లేదు.