ఎగిరెడి కెమేరా

తొలి డ్రోను నెట్లెంచుకొనవలయునని చిక్కడపల్లి, నారాయణగూడ సోదరీమణులు కొందఱు మమ్మడుగుచున్నారు.

బరువు 250 గ్రాములకు మించని దానినే కొనుడు. 2021 నాటి నిబంధనలు దానిని నానో యనుచున్నవి. నడపుటకు పైలటు లైసెన్సక్కఱలేదు. అమెరికానుండి వచ్చు కుమారునిచే దెప్పింతమని యుబలాటపడకుడు. రక్షణ, పరిశోధనాదులకు దప్ప విదేశీ డ్రోనుల దిగుమతి 2022 ఫిబ్రవరి 9 నుండి నిషిద్ధము.

బొమ్మ యదరకుండ నిలుపు గింబలును, సంకేతము తెగినచో బయలుదేరిన చోటికే మఱలివచ్చుటకు జీపీఎస్సును ముఖ్యములు. మెగాపిక్సెళ్ల లెక్క తరువాతి మాట. గింబలు లేని చిత్రము చూచినచో దల తిరుగును. రెండవ బ్యాటరీ తప్పక కొనవలెను. పెట్టెపై వ్రాసిన నిమిషములు గాలిలేని వేళ లెక్కించినవి.

బేగంపేట విమానాశ్రయమును, సచివాలయమును మనకు దాపుననే యున్నవి. కావున డిజిటల్ స్కై పటము చూడక మేడపైనుండి లేపరాదు. ఎఱ్ఱ మండలమున కేంద్రప్రభుత్వానుమతియు, పసుపు మండలమున విమాన నియంత్రణాధికారుల యనుమతియు వలయును. అభ్యాసమునకు ఊరి వెలుపలి ఆకుపచ్చ మండలపు బయలే మేలు.

అనుమతి దొరకినను, పొరుగు మేడపై వడియములు పెట్టుకొను నిల్లాలిమీదను, అశోక్ నగరు గదులలో బరీక్షలకు జదువుకొను బాలికలమీదను పైనుండి కన్ను వేయుట మాకు సమ్మతము కాదు. వారి నడిగి తీయుడు.

సంక్రాంతినాళ్ల నసలే వలదు. గాలిపటపు దారము ఱెక్కకు జుట్టుకొన్నచో నది యెవరి నెత్తిన బడునో!