కాలమును గొలుచుట



భాస్కరాచార్యుని కూఁతురు లీలావతి వివాహముహూర్తమునకై నీటనుంచిన గడియగిన్నె రంధ్రమునకు ముత్య మొకటి యడ్డుపడఁగా, ఎవరు నెఱుఁగకయే ముహూర్తము దాఁటిపోయెనని యొక కథ కలదు. తప్పు కన్యది కాదు, కొలతది.

అమలాపురమునఁ గంప్యూటరు విద్య నభ్యసించు మా బంధువుల బాలిక యొకతె మొన్న కన్నీటితో మా యింటికి వచ్చెను. తాను వ్రాసిన ప్రోగ్రాము నడచుటకు 5 సెకనులు, తోడి విద్యార్థిదానికి 3 సెకనులు పట్టెనఁట. "నాకీ చదువు రాదు, పిన్నీ" యనెను. ఎన్నిమాఱులు కొలిచితివని యడిగితిమి. ఒక్కమాఱే యఁట!

పొయ్యి రాఁజకమున్ను పెట్టిన తొలి యెసరు మఱుఁగుటకు జాగగును. యంత్రమునకును మొదటి పరుగు తఱచుగా నట్టిదే. మఱియు గోడగడియారము చూచి వంటకాలమును లెక్కించినచో, నడుమ వాకిట నతిథులతో మాటలాడిన కాలమును వంటలోఁ గలసిపోవును. యంత్రమును నొకేసారి పెక్కుపనులు చక్కఁబెట్టుచుండును గదా!

కావుననే 2012లో వెలువడిన పైథాన్ 3.3లో రెండు కొలతలు చేర్చిరి. పర్ఫ్ కౌంటరు, నడుమ సవరింపఁబడు సామాన్యగడియారమువలెఁ గాక, గడచిన మొత్తము కాలమును జెప్పును. ప్రాసెస్ టైము ఆ యొక్క ప్రోగ్రామునకై యంత్రము వెచ్చించిన కాలమును మాత్రమే చెప్పును. టైమిట్ అను సాధనము ఒకే పనిని పలుమాఱులు చేయించి కొలుచును. ఆ ఫలితములలో మిక్కిలి తక్కువదానిని గ్రహింపవలెను. హెచ్చినవి తఱచుగా నితరకార్యముల యడ్డువలనఁ గలిగినవి.

బాలిక పదిమాఱులు కొలువఁగా మూఁడున్నర సెకనులే తేలెను. తక్కినది వెనుక నడచుచుండిన వేఱొక పనిదఁట. ఆ యరసెకను తన లోపమేనని యొప్పుకొని, ఇప్పుడు దిద్దుకొనుచున్నది.

అమ్మలారా, బిడ్డల నొక్క కొలతతోఁ దూఁచకుఁడు. ముందుగా గిన్నెలో ముత్యమున్నదేమో చూడుఁడు.