దివిసీమకు నీళ్లే కాదు, ఒండ్రూ కావాలి

కుల్కచర్ల, తాండూరు రైతుకు సముద్రం దూరపు ముచ్చట. వానను నమ్ముకొని కందులు వేసేవాడికి ఉప్పెన గోడు ఎందుకని అనిపించవచ్చు. కానీ వికారాబాద్ జిల్లాలోని అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తాండూరును ఆనుకొని పారే కాగ్నా భీమాలో కలిసి ఆ కృష్ణకే చేరుతుంది. పై నేలల నుంచి నది వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రుతోనే కింద సముద్రం ఒడ్డున దివిసీమ ఏర్పడింది.

ఆ నేల ఎంత పల్లమో 1977 నవంబరు 19న లోకానికి తెలిసింది. ఆ రోజు వచ్చిన తుఫాను ఉప్పెనలో సుమారు పదివేల మంది చనిపోయారు. తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు ముందే అందుతున్నాయి, ప్రాణనష్టం ఎంతో తగ్గింది. ఇది గర్వించదగ్గ మార్పు. అయితే షెల్టరు మనిషిని కాపాడుతుంది కానీ అతని పొలాన్ని కాపాడలేదు. సముద్రమట్టం పెరిగేకొద్దీ, నదిలో ప్రవాహం తగ్గేకొద్దీ ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. కాలువ చివరి పొలాలు చవుడు బారుతాయి, తాగునీటి బావులు ఉప్పెక్కుతాయి.

డెల్టా నిలవాలంటే ఏటా కొత్త ఒండ్రు చేరాలి. అది జలాశయాల్లోనే ఆగిపోతోంది. శ్రీశైలం తొలి నిల్వ సామర్థ్యం 308 టీఎంసీలు, పూడిక పేరుకొని ఇప్పుడు సుమారు 215కు తగ్గింది. నాగార్జునసాగర్‌ది 408 నుంచి 312కు పడిపోయింది. అంటే కింది ఊళ్లకు దక్కాల్సిన మట్టి పై రైతుకు దక్కాల్సిన నీటి చోటును ఆక్రమించింది. నష్టం ఇద్దరిదీ కాబట్టి పరిష్కారం కోసం ఇద్దరూ కలిసి అడగాలి.

సముద్రంలోకి పోయే ప్రతి బొట్టూ వృథాయే అనే ఆలోచన ముందు పోవాలి. ఉప్పును వెనక్కి నెట్టేది, మడ అడవులకు ప్రాణం పోసేది ఆ నీరే. ఉప్పెన ఉధృతిని తగ్గించే ఆ మడలను తిరిగి పెంచవచ్చని కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో స్వామినాథన్ పరిశోధనా సంస్థ గ్రామస్థులతో కలిసి చేసిన పని నిరూపించింది. పోటు నీరు లోపలికి వచ్చి పోయేలా కాలువలు తవ్వి మొక్కలు నాటారు. చేపలు, పీతలు పట్టి బతికేవారికి మడ అడవి అంటే జీవనోపాధి కూడా. ఎక్కడ నాటాలో, ఏ చేపల, రొయ్యల చెరువుల తవ్వకం ఆపాలో తేల్చేటప్పుడు వారి మాటకు విలువ ఉండాలి.

తెలంగాణ మెట్టప్రాంతాల నీటి హక్కును తగ్గించమని ఎవరూ కోరడం లేదు. 2014లో ఏర్పడిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు రెండు తెలుగు రాష్ట్రాల టీఎంసీల పంపకంతో సరిపెట్టుకోకుండా ఏటా ఎంత ఒండ్రు ఆగింది, ఎంత నీరు సముద్రానికి చేరిందన్న లెక్కలను ప్రజల ముందు పెట్టాలి. వరద రోజుల్లో పూడికను కిందికి వదిలే మార్గాలను ఇంజనీర్లతో అధ్యయనం చేయించాలి. నదిలో ఇసుక తవ్వకాలను గట్టిగా అదుపు చేయాలి. తీరంలో ఎంత ఎత్తు గోడ కట్టినా, ఎగువన ఈ పనులు జరగకపోతే దివిసీమకు రక్షణ ఉండదు.