నల్‌ని ఆబ్జెక్టని ఒప్పుకున్నవాళ్ళం

జావాస్క్రిప్టులో నల్ ఏ టైపని టైప్ఆఫ్‌ని అడిగితే ‘ఆబ్జెక్ట్’ అంటుంది. అది తప్పని భాషని తయారుచేసినవాళ్ళకి తెలుసు, వాడేవాళ్ళకి తెలుసు, ఇంటర్వ్యూల్లో అడిగేవాళ్ళకి మరీ బాగా తెలుసు. అయినా దగ్గర దగ్గర ముప్పై ఏళ్ళుగా అలాగే ఉంది. ఉంచింది మనమే.

ఆ తప్పు ఎలా పుట్టిందో చెప్పడం తేలిక. 1995 మే నెలలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఆ భాష తొలి నమూనా రాశాడు. తొలినాటి ఇంజన్లలో ప్రతి విలువ చివరి బిట్లలోనూ అది ఏ టైపో చెప్పే గుర్తు ఉండేది. ఆబ్జెక్టు గుర్తు అన్నీ సున్నాలు. నల్ అంటే యంత్రానికి ఉత్త సున్నా. గుర్తు మాత్రమే చూసిన కోడ్ నల్‌ని కూడా ఆబ్జెక్టులో కలిపేసింది. విడిగా ఒక షరతు రాస్తే పోయేది, రాయలేదు. ఇది ఎవరికైనా జరిగేదే, దీన్ని నేరమననక్కర్లేదు. నేరం తర్వాతది. జావాస్క్రిప్టు కొత్త వెర్షన్ ఈఎస్6 తయారవుతున్న కాలంలో దీన్ని సరిచేద్దామని ప్రతిపాదన వచ్చింది. అప్పటికే ఆ తప్పు జవాబుని నమ్ముకుని నడుస్తున్న సైట్లు ఎన్నో ఉన్నాయి, మారిస్తే అవి ఆగిపోతాయని ప్రతిపాదనని పక్కన పెట్టేశారు. ఆ సైట్లు రాసింది ఐక్ కాదు. తప్పని తెలిసీ దానికి తగ్గట్టు కోడ్ సర్దుకున్న మనం. ఆ తర్వాత దాన్నే అమీర్‌పేట మెటీరియల్‌లో ‘ముఖ్యమైన ప్రశ్న’గా చేర్చి, జవాబు చెప్పినవాణ్ణి తెలివైనవాడన్నాం.

ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు టైపుకి పేరెందుకు? ఇది అదేనా కాదా అని యంత్రం తేల్చుకోవడానికి, ఎర్రరొస్తే లాగ్‌లో మనం చదువుకోవడానికి. మొదటి పనికి పొరపాటుకి తావులేని గుర్తింపు కావాలి. రెండో పనికి చదవగానే అర్థమయ్యే మాట చాలు. రెండూ ఒకే స్ట్రింగ్‌తో గడిచిపోతాయనుకున్నాం. తక్కిన తప్పులు చాలామటుకు ఇక్కణ్ణుంచే వచ్చాయి.

సీ ప్లస్ ప్లస్‌ని తయారుచేసిన స్ట్రూస్ట్రప్ మొదట అందులో రన్‌టైమ్ టైపు సమాచారాన్ని కావాలనే పెట్టలేదు. అంతకుముందటి సిములా భాషలో ఆ సౌకర్యం ఉంటే, వర్చువల్ ఫంక్షన్ రాయాల్సినచోట జనం టైపు అడిగి దారులు చీలుస్తున్నారని చూశాడు. 1990లలో అది భాషలోకి వచ్చింది, ఆయన భయపడినట్టే వాడాం. టైపుఐడీ ఇచ్చే పేరు ఎలా ఉండాలో ప్రమాణం చెప్పలేదు, కంపైలర్ ఇష్టానికి వదిలేసింది. పూర్ణసంఖ్య టైపుకి జీసీసీ ‘ఐ’ అని ఒక్క అక్షరం ఇస్తే, మైక్రోసాఫ్ట్ కంపైలర్ ‘ఇంట్’ అని పూర్తిగా రాస్తుంది. రెండు వేరు టైపులకి పేర్లు వేరుగానే ఉంటాయన్న హామీ కూడా లేదు. ఇదంతా రాసే ఉంది. రాసి ఉన్నది చదవకుండా ఆ పేర్లని ఫైళ్ళలో దాచి, వేరే కంపైలర్‌తో కట్టిన ప్రోగ్రాంలో తెరిచి, డేటా పాడైందని ఫైలు మీద నెపం వేశాం.

గో, రస్ట్ మన తర్వాత వచ్చిన పిల్లలు, కాస్త జాగ్రత్త నేర్చుకున్నాయి. గోలో టైపు పేరు స్ట్రింగ్‌గా తీసుకుంటే ప్యాకేజీ దారిలో చివరి ముక్కే వస్తుంది. అందుకే టెక్స్ట్ టెంప్లేటుకీ హెచ్‌టీఎమ్‌ఎల్ టెంప్లేటుకీ ఒకటే పేరు. ఆ స్ట్రింగ్ ఒక్క టైపుకే చెందుతుందని నమ్మొద్దనీ, పోల్చాలంటే టైపునే పోల్చుకోమనీ డాక్యుమెంటేషన్ చెబుతుంది. రస్ట్ కూడా తన టైప్‌నేమ్ ఉత్త వివరణేనని ముందే చెప్పేసింది. అయినా కోడ్ రివ్యూలో ‘టైపు పేరు ఈ స్ట్రింగ్‌తో సమానమైతే’ అన్న వరుస కనిపిస్తే మనలో ఎంతమంది ఆపుతాం? టెస్టులు పాసయ్యాయిగా అని అప్రూవ్ నొక్కేస్తాం. అదే వరుస బ్రౌజర్లోకి వెళ్ళేముందు మినిఫయర్ క్లాసు పేర్లని ఒక్కో అక్షరానికి కుదించేస్తుందని ప్రొడక్షన్ పడిపోయాక గుర్తొస్తుంది.

జావా దగ్గర ఇంకాస్త ఆగాలి. హైదరాబాదు నుంచి డాలస్ దాకా తెలుగువాళ్ళలో ఎన్ని ఇళ్ళు ఆ భాష మీద లేచాయో అందరికీ తెలిసిందే, కాబట్టి ఇక్కడ ‘ఎవరో చేశారు’ అనడం కుదరదు. 2004లో జావా 5తో జెనెరిక్స్ వచ్చాయి. స్ట్రింగుల లిస్టని, ఇంటీజర్ల లిస్టని వేరువేరుగా రాస్తాం. కంపైలర్ సరిచూసి, ఆపైన ఆ తేడా చెరిపేస్తుంది. నడిచేటప్పుడు రెండూ ఉత్త లిస్టులే, క్లాసు అడిగితే ఒకటే జవాబు. పాత కోడ్ చెడకూడదని తీసుకున్న నిర్ణయమది, అందులో న్యాయం లేకపోలేదు. మరుసటేడే సీ షార్ప్ 2.0 రెండోదారి పట్టింది: పాతవాటి పక్కనే కొత్త కలెక్షన్లని చేర్చి, టైపు వివరాన్ని రన్‌టైమ్ దాకా మోసింది. మనం పాత కోడ్‌ని కాపాడుకున్నాం సరే, పోయిన సమాచారాన్ని దొడ్డిదారిన మళ్ళీ తెచ్చుకోవడం మొదలెట్టాం. లోపల ఏమీ లేని సబ్‌క్లాస్ ఒకటి అక్కడికక్కడే పుట్టిస్తాం. ఎందుకంటే ఒక క్లాసు తన తల్లి టైపు వివరాన్ని క్లాసు ఫైల్లో దాచుకుంటుంది, రిఫ్లెక్షన్‌తో దాన్ని చదవొచ్చు. జేసన్ లైబ్రరీలు వాడేవాళ్ళు రోజూ టైపుచేసే ఖాళీ కర్లీ బ్రేసుల జత అర్థమిదే. ఒక పేరు మోయడానికి ఒక క్లాసు! దాన్ని ‘ప్యాటర్న్’ అని గౌరవంగా పిలుచుకున్నాం.

అంతకన్నా పాత సంగతి క్లాస్‌లోడర్. ఊళ్ళో ఇద్దరు రామారావులుంటే ఇంటిపేరు పెట్టి వేరుచేస్తాం, జావాలో ప్యాకేజీ పేరు ఆ పని చేస్తుంది. కానీ జావా ప్రోగ్రాంలని నడిపే జేవీఎమ్ దృష్టిలో పూర్తి పేరు కలిసినంత మాత్రాన ఒకే క్లాసు కాదు, ఏ లోడర్ తెచ్చిందో కూడా కలవాలి. అందుకే అప్లికేషన్ సర్వర్లలో ‘ఇన్‌వాయిస్ క్లాసుని ఇన్‌వాయిస్ క్లాసుగా మార్చలేం’ అనే ఎర్రర్ వచ్చేది. చదివినవాడు తనకే మతిపోయిందనుకునేవాడు. రన్‌టైమ్‌కి తేడా తెలుసు, మనకి చెప్పే పేరులో ఆ తేడా లేదు. టైపుని పేరుతోనే గుర్తించడం వల్ల జావా టైపు భద్రతకే చిల్లుపడుతోందని 1997లోనే విజయ్ సరస్వత్ చూపించాడు. మరుసటేడు షెంగ్ లియాంగ్, గిలాద్ బ్రాఖా జేవీఎమ్‌కి దిద్దుబాటు రాశారు. కానీ ఎర్రర్ మెసేజీలో లోడర్ పేరు ముద్రించడం జావా 11 నాటికి గానీ రాలేదు. యంత్రం లోపలి లెక్క సరిచేసుకుని, మనిషి చదివే మాటని ఇరవై ఏళ్ళు పట్టించుకోలేదు. ఆ మెసేజీ చూసిన ప్రతిసారీ సర్వర్ రీస్టార్ట్ చేసి టికెట్ మూసేసిన మనకి, ఆ మాట మార్చండని అడగాలని కూడా తోచలేదు.

ఇంతవరకు మన తిప్పలు మనమే పడ్డాం. డేటా లోపలే టైపు పేరు పెట్టి పంపడం మొదలెట్టాక ఊళ్ళోవాళ్ళ సొమ్ము ప్రమాదంలో పడింది. 1997లో జావా 1.1తో సీరియలైజేషన్ వచ్చింది. వచ్చే బైట్లలో క్లాసు పేరుంటుంది, అందుకునే ప్రోగ్రాం ఆ పేరున్న క్లాసుని వెతికి తెచ్చి ఆబ్జెక్టు కడుతుంది. మనం రాసుకున్న కాస్ట్, ‘ఇది నాకు కావలసిన రకమేనా’ అని ఆఖర్న అడుగుతుంది. అప్పటికే ఆబ్జెక్టు లేచి కూర్చుంటుంది, దాని లోపలి కోడ్ నడిచిపోయుంటుంది. అంటే ఏ టైపు పుట్టాలో నిర్ణయించేది పంపినవాడు. 2015 జనవరిలో క్రిస్ ఫ్రోహాఫ్, గాబ్రియెల్ లారెన్స్ అందరూ వాడే అపాచీ కామన్స్ కలెక్షన్స్‌లోని క్లాసులతోనే సర్వర్‌ని ఎలా లొంగదీసుకోవచ్చో వేదికెక్కి చూపించారు. మనం కదల్లేదు. నవంబరులో వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్, జెన్‌కిన్స్ పేర్లతో దాడి నమూనాలు బయటికొచ్చాక, ప్యాచ్ చేశామా లేదా అని మేనేజర్లు అడిగాక కదిలాం. కదిలి చేసిందేమిటి? ఆ లైబ్రరీ వెర్షన్ పెంచాం. పేరు నమ్మి క్లాసు తెచ్చే కోడ్‌ని చాలాచోట్ల ముట్టుకోనేలేదు.

పైథాన్‌లో ఇదే పని పికిల్ చేస్తుంది: మాడ్యూల్ పేరు, క్లాసు పేరు చదివి, ఆ పేరుతో దొరికినదాన్ని పిలుస్తుంది. నమ్మకంలేని చోటునుంచి వచ్చిన పికిల్ తెరవొద్దని డాక్యుమెంటేషన్ మొదట్లోనే హెచ్చరిక ఉంది. జావాకి తగిలిన దెబ్బ కళ్ళముందుండగానే, ఏఐ మోడళ్ళు మార్చుకోవడానికి మన తరం ఎంచుకున్న ఫార్మాట్ అదే. ఎవరో తెలియనివాళ్ళు ఎక్కించిన గిగాబైట్ల ఫైళ్ళు దించుకుని ఒక్క వరుసతో తెరిచాం. 2025 జనవరిలో, ఆ ఫైళ్ళు తెరిచే పైటార్చ్ లైబ్రరీ 2.6 వెర్షన్ వచ్చి, అడగనిదే బరువులు తప్ప మరేమీ తెరవనని చెప్పింది. పాత స్క్రిప్టులు ఆగాయి. ఎర్రర్ మెసేజీ పొడుగ్గా కారణం చెప్పి, ఫైలు పంపినవాణ్ణి నమ్మితేనే పాత పద్ధతికి వెళ్ళమంది. మనం ఆ మెసేజీలోంచి ‘వెయిట్స్ ఓన్లీ ఈక్వల్స్ ఫాల్స్’ అన్న ముక్కని కాపీ చేసి పెట్టేశాం. స్క్రిప్టు నడిచింది.